గోడ మూసేలోపు: కార్చిచ్చు తర్వాత లేచే ఇళ్లు, విద్యుత్ వాహనాల చార్జింగ్

కార్చిచ్చులో పూర్తిగా కాలిపోయిన ఇంటి స్థానంలో అదే యజమాని అదే చోట మళ్లీ ఇల్లు కట్టుకోబోతే, చట్టం దృష్టిలో అది పాత ఇంటి మరమ్మతు కిందికి వస్తుందా, కొత్త నిర్మాణం కిందికి వస్తుందా అన్న ప్రశ్నకు అమెరికాలోని నగరపాలక సంస్థలు సాధారణంగా కొత్త నిర్మాణమనే సమాధానం చెబుతాయి. ముప్పై నలభై ఏళ్ల కిందట ఆ ఇల్లు ఏ నియమాల ప్రకారం లేచిందో వాటితో ఇప్పుడు పనిలేదు. అనుమతికి దరఖాస్తు పెట్టిన నాటికి అమలులో ఉన్న నిర్మాణ నియమావళి, అంటే గోడల మందం మొదలుకొని కరెంటు తీగల దాకా ఇల్లు ఎలా ఉండాలో నిర్దేశించే స్థానిక చట్టం, దానికి వర్తిస్తుంది. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబం తనకు అలవాటైన ఇల్లే తిరిగి కావాలనుకుంటుంది. నియమావళి మాత్రం నేటి ఇంటిని కట్టమంటుంది. ఈ రెంటి మధ్య తేలే అదనపు ఖర్చును ఎవరు మోయాలన్న వివాదంలోకి గత కొన్నేళ్లలో కొత్తగా వచ్చి చేరిన అంశం విద్యుత్ వాహనాల చార్జింగ్. తిరిగి కట్టే ప్రతి ఇంటి గ్యారేజీలోనూ అందుకు ఏర్పాటు ఉండి తీరాలని చట్టం శాసించవచ్చునా, లేక అగ్ని బాధితులను దాని నుంచి మినహాయించడమే న్యాయమా అన్నది ఈ ప్రసంగ విషయం.

ఈ వివాదాన్ని దగ్గరగా చూడదగిన చోటు కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ కౌంటీ. 2021 డిసెంబర్ 30న, చలికాలం నడుమ, రాకీ పర్వతాల తూర్పు వాలు మీదుగా గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగంతో దిగిన గాలులకు, గడ్డి మైదానంలో పుట్టిన నిప్పు కొద్ది గంటల్లోనే లూయిస్‌విల్, సుపీరియర్ పట్టణాల్లోకి చొరబడింది. ఆ ఏటి వసంతంలో కురిసిన వానలకు ఏపుగా ఎదిగిన గడ్డి, ఆ తర్వాత నెలల తరబడి వాన జాడ లేక ఎండి, నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తున్నట్టే ఉండింది. మార్షల్ కార్చిచ్చుగా పిలిచే ఆ అగ్నికి 30 వేలకు పైగా జనం ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది, ఇద్దరు మరణించారు, లూయిస్‌విల్‌లో 550, సుపీరియర్‌లో 378, పట్టణాల హద్దులకు వెలుపల 156, మొత్తం 1,084 ఇళ్లు నేలమట్టమయ్యాయి. కాలినవి అడవి అంచున ఎక్కడో విసిరేసినట్టుండే ఇళ్లు కావు. వీధుల్లో వరసగా, కంచెకు కంచె తగిలేలా కట్టిన సాధారణ మధ్యతరగతి కాలనీలు. మర్నాడు సాయంత్రానికి ఆ బూడిద మీద మంచు కురిసింది.

యాదృచ్ఛికమే అయినా, ఆ శరత్కాలంలోనే, అగ్నికి రెండు మూడు నెలల ముందు, లూయిస్‌విల్ నగర మండలి 2021 నాటి అంతర్జాతీయ ఇంధన పొదుపు నియమావళిని ఆమోదించి ఉంది. పేరులో అంతర్జాతీయం అన్న మాట ఉన్నా, అది ప్రధానంగా అమెరికాలోని రాష్ట్రాలూ నగరాలూ తమ చట్టంగా స్వీకరించడానికి వీలుగా మూడేళ్లకొకసారి సవరించి వెలువరించే నమూనా గ్రంథం. గోడల్లో వేడి నిలిపే పొర ఎంత మందం ఉండాలి, కిటికీల సందుల్లోంచి గాలి ఎంతకు మించి పోకూడదు వంటి నియమాలు అందులో ఉంటాయి. ఏటా అక్కడక్కడా లేచే కొన్ని కొత్త ఇళ్లను దృష్టిలో పెట్టుకొని మండలి ఆమోదించిన ఆ నియమావళి, ఒక్క రాత్రి గడిచేసరికి సర్వం పోగొట్టుకున్న వందల కుటుంబాల నెత్తిన పడింది.

విద్యుత్ వాహనాల ప్రసక్తి ఆ నమూనా గ్రంథంలో లేకపోవడానికి ఒక చరిత్ర ఉంది. 2021 కూర్పు తయారవుతున్నప్పుడు, కొత్త ఇళ్లలో వాహనాల చార్జింగ్‌కు తగిన ఏర్పాటు ఉండాలన్న ప్రతిపాదనను దేశమంతటి నుంచి ఓటు వేసిన స్థానిక ప్రభుత్వాల అధికారులు ఆమోదించారు. కాని గృహనిర్మాణ, గ్యాస్ పరిశ్రమల అభ్యంతరాల మీద 2020లో అప్పీలు విచారణ జరిగి, ఇది ఇంధన పొదుపు గ్రంథం పరిధిలోకి రాదన్న కారణంతో ఆ నియమాన్ని ప్రచురణకు ముందే తొలగించారు. 2024 కూర్పులోనూ అది ప్రధాన పాఠంలోకి కాక అనుబంధంలోకి చేరింది. అనుబంధం అంటే కోరుకున్న నగరం తీసుకోవచ్చు, అక్కర్లేదనుకున్న నగరం వదిలేయవచ్చు. దేశానికంతటికీ ఒక్కసారి తేలిపోవలసిన సాంకేతిక విషయం ఆ విధంగా ఊరూరా విడివిడిగా తేల్చుకోవలసిన రాజకీయ విషయంగా మారింది. ఊరు తగలబడినప్పుడు, ఆ తేల్చుకోవడం బూడిద ఎత్తి పోస్తున్న మనుషుల సమక్షంలో జరగవలసి వచ్చింది.

లూయిస్‌విల్ బాధితుల అభ్యంతరాన్ని మొండితనంగానో పర్యావరణ ద్వేషంగానో కొట్టిపారేయడం అన్యాయం. ఇల్లు పూర్తిగా కాలిన సుమారు 950 బీమా ఒప్పందాలను కొలరాడో బీమా శాఖ పరిశీలించినప్పుడు, కట్టడానికి ఎంత ఖర్చయినా అంతా చెల్లిస్తామన్న హామీ ఉన్నవి నూటికి 8 మాత్రమేనని తేలింది. మిగిలినవాటిలో బీమా సొమ్ముకు గరిష్ఠ పరిమితి ఉంది. ఒకేసారి వెయ్యి ఇళ్లు కట్టవలసి వచ్చేసరికి కలప, కూలీ ధరలు పెరిగి, ఆ పరిమితిని దాటిపోయాయి. అటువంటి స్థితిలో కొత్త నియమావళి వల్ల లక్ష డాలర్ల దాకా అదనపు భారం పడుతుందని కొందరు నిర్మాతలు చెప్పిన మాట విని కుటుంబాలు భయపడ్డాయి. నగరం వేసిన లెక్క అందులో చిన్న భాగమే అయినా, ఇల్లు లేని మనిషికి చిన్న భాగమూ పెద్దదే. 2022 మార్చిలో నగర మండలి వెనక్కి తగ్గి, అగ్నిలో ఇల్లు పోయినవారు కోరుకుంటే 2018 నాటి పాత నియమావళి ప్రకారమే కట్టుకోవచ్చునని నిర్ణయించింది. ఆ ఏడే కొలరాడో శాసనసభ చేసిన ఒక చట్టం ప్రకారం, 2023 జులై తర్వాత తమ నియమావళిని సవరించుకునే నగరాలూ కౌంటీలూ 2021 నాటి ఇంధన నియమాలతోపాటు, ఇంటిని విద్యుత్ ఉపకరణాలకూ సౌర ఫలకాలకూ విద్యుత్ వాహనాలకూ సిద్ధంగా ఉంచే నియమాలను కూడా స్వీకరించవలసి ఉంటుంది. పట్టణం ఒక మెట్టు దిగిన ఏడాదిలోనే రాష్ట్రం రెండు మెట్లు ఎక్కిందన్న మాట.

ఇంతవరకు చార్జింగ్ ఏర్పాటు అన్న మాటను ఒకే వస్తువుకు పేరుగా వాడినా, నిజానికి అందులో మూడు దశలున్నాయి. వివాదంలో పుట్టిన పొగ చాలావరకు ఈ మూడింటినీ ఒకటిగా కలిపేయడం వల్లనే వచ్చింది. దాన్ని విడదీయాలంటే ముందు అమెరికా ఇంటి కరెంటు సంగతి కొంత తెలియాలి. తెలుగు ఇళ్లలో ఏ ప్లగ్గులోనైనా వచ్చేది సుమారు 230 వోల్టులు. ఏసీకో గీజరుకో పెట్టే 15 లేదా 16 ఆంప్స్ ప్లగ్గు నుంచి 3 కిలోవాట్లకు పైగా శక్తి తీసుకోవచ్చు కాబట్టి, ఆ ప్లగ్గుకే కారు తగిలించి రాత్రంతా చార్జి చేసుకోవడం సాధ్యమవుతుంది. అమెరికాలో సాధారణ ప్లగ్గుకు వచ్చేది 120 వోల్టులే. దాని నుంచి కారుకు అందేది సుమారు 1.4 కిలోవాట్లు, గంటసేపు పెడితే ఏడెనిమిది కిలోమీటర్ల ప్రయాణానికి సరిపోతుంది. అదే ఇంట్లో బట్టలు ఆరబెట్టే యంత్రానికీ విద్యుత్ పొయ్యికీ మాత్రం 240 వోల్టుల ప్రత్యేక తీగ వేస్తారు. కారుకు కూడా అటువంటి 240 వోల్టుల తీగ 40 ఆంపియర్ల బ్రేకరుతో వేస్తే, గంటల తరబడి ఆగకుండా నడిచే భారం బ్రేకరు సామర్థ్యంలో నూటికి 80 మించకూడదన్న విద్యుత్ భద్రతా నియమాన్ని బట్టి 32 ఆంపియర్లు, అంటే సుమారు 7.7 కిలోవాట్లు దొరుకుతాయి.

ఇప్పుడు ఆ మూడు దశలు. మొదటిదాన్ని సామర్థ్య దశ అనవచ్చు: మెయిన్ బోర్డు నుంచి గ్యారేజీలో కారు నిలిపే చోటు దాకా గోడలో ఖాళీ పైపు వేసి, బోర్డులో ఒక బ్రేకరుకు చోటు, దానికి తగిన విద్యుత్ సామర్థ్యం విడిచిపెట్టడం, తీగ కూడా ఉండదు. రెండోది సిద్ధదశ: ఆ పైపులో తీగ లాగి, బ్రేకరు బిగించి, చివర ప్లగ్గు దాకా పూర్తి చేయడం. మూడోది స్థాపన దశ: గోడకు చార్జరు యంత్రాన్నే బిగించడం. చట్టం మూడోదాన్ని కోరుతున్నదనుకొని కోపగించిన మనిషికి, చాలా చోట్ల అది కోరేది మొదటిదో రెండోదో మాత్రమేనని తెలిసినప్పుడు వాదం స్వరూపమే మారుతుంది. చార్జరు కొనుక్కోవడం కారు కొన్న మనిషి పని. అది ఏ కంపెనీది కావాలో, ఎంత వేగంగా చార్జి చేయాలో, అసలు కావాలో వద్దో కారు లేని మనిషి చేత ముందే నిర్ణయింపజేయడంలో అర్థం లేదు. పదేళ్లలో ఆ యంత్రం పాతదైపోతుంది కూడా. స్థాపన దశను నిర్బంధం చేయడాన్ని వ్యతిరేకించినవారిదే ఈ విషయంలో సరైన పక్షం.

ఖాళీ పైపు సంగతి వేరు. అమెరికాలో ఇల్లు ఇటుకతో లేచేది తక్కువ. చెక్క కమ్మీలతో చట్రం నిలబెట్టి, కమ్మీల మధ్య ఖాళీల్లో నీటి గొట్టాలూ కరెంటు తీగలూ పరిచి, వేడి నిలిపే పొర దట్టించి, లోపలి వైపు జిప్సమ్ పలకలు బిగించి రంగు వేస్తారు. చట్రం తెరిచి ఉన్న రోజుల్లో ఒక అంగుళం పైపును బోర్డు నుంచి గ్యారేజీకి తీసుకుపోవడం ఎలక్ట్రీషియన్‌కు ఆ పూటలో ముగిసే పని. పలకలు బిగించాక అదే పైపు వేయాలంటే పలకలు కోయాలి, అడ్డొచ్చిన కమ్మీలకు రంధ్రాలు వేయాలి, మళ్లీ అతికించి రంగు వేయాలి, విడిగా అనుమతి తీసుకోవాలి, తనిఖీకి మరొకసారి అధికారిని రప్పించాలి. ఖర్చు అనేక రెట్లవుతుంది. ఇల్లు కట్టించిన తెలుగువారెవరికైనా ఈ తర్కం విడమరచి చెప్పనక్కరలేదు. పై గదిలో ఏసీ ఇప్పుడు పెట్టకపోయినా ప్లాస్టరింగుకు ముందే గోడ చెక్కి పైపు వేయించి, మూత బిగించి వదిలేయమని మేస్త్రీ చెప్పడం ఇక్కడ మామూలే. ఆ మాట విననివారు రెండేళ్ల తర్వాత సున్నం రాలే గోడ ముందు నిలబడి, వినివుంటే బాగుండేదనుకోవడమూ మామూలే.

పైపు కంటే పెద్ద ఖర్చు దాగి ఉండే చోటు మెయిన్ బోర్డు. పాత అమెరికా ఇళ్లకు వీధి నుంచి వచ్చే సరఫరా చాలా చోట్ల 100 ఆంపియర్లే. ఇప్పుడు కొత్తగా కట్టే ఇళ్లలో 200 సర్వసాధారణం. పొయ్యి, నీటి హీటరు, ఇల్లు వెచ్చబెట్టే యంత్రం అన్నీ కరెంటు మీదే నడిచే ఇంట్లో కారు కూడా చేరితే బోర్డు చాలదని, వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు కూడా మార్చవలసి వస్తుందని, విద్యుత్ సంస్థ ఆ పని చేసేదాకా ఇల్లు ఆగిపోతుందని బాధితులు వెలిబుచ్చిన ఆందోళనలో నిజం ఉంది. దానికి విరుగుడు కూడా ఉంది. ఇంట్లో పొయ్యి వెలిగినప్పుడు కారుకు పోయే కరెంటును తగ్గించి, పొయ్యి ఆగాక తిరిగి పెంచే నియంత్రణ పరికరాన్ని అమెరికా విద్యుత్ భద్రతా నియమావళి అనుమతిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, అమెరికాలో ఒక కారు రోజుకు తిరిగే సగటు దూరం 50 కిలోమీటర్ల లోపే. దానికి కావలసిన శక్తి సుమారు 9 యూనిట్లు. 240 వోల్టుల మీద 20 ఆంపియర్ల చిన్న తీగ వేసినా, గంటకు 3.8 యూనిట్ల చొప్పున, రెండున్నర గంటల్లో ఆ లోటు తీరిపోతుంది. తెల్లవారేదాకా ఇంకా ఎంతో సమయం మిగిలే ఉంటుంది. పైపును పెద్దదిగా, తీగను అవసరానికి తగినంత చిన్నదిగా ఆలోచించే నియమం రాసి ఉంటే, బోర్డు గురించిన భయంలో సగం పుట్టేదే కాదు.

కాలిఫోర్నియాలో ప్రశ్న మరొక వైపు నుంచి ఎదురవుతుంది, ఎందుకంటే అక్కడ సామర్థ్య దశ కొత్త నియమం కాదు. రాష్ట్ర హరిత నిర్మాణ నియమావళి 2015 నుంచే, గ్యారేజీ కలిసి ఉన్న కొత్త ఇళ్లలో కనీసం ఒక అంగుళం పైపు, 40 ఆంపియర్ల ప్రత్యేక తీగకు చోటు ఉండాలని కోరుతూ వచ్చింది. అందువల్ల 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పాలిసేడ్స్, ఈటన్ కార్చిచ్చులు చెలరేగి, ఒకదానిలో 6,800కు పైగా, మరొకదానిలో 9,400కు పైగా కట్టడాలు నాశనమై, సుమారు 30 మంది ప్రాణాలు కోల్పోయినప్పుడు, అక్కడ నడిచిన చర్చ కొత్తగా ఏమి చేర్చాలన్నదాని కంటే ఉన్నదాంట్లో ఏమి సడలించాలన్నదాని చుట్టూనే తిరిగింది. గవర్నరు జనవరి 12న పర్యావరణ సమీక్ష, తీరప్రాంత అనుమతుల నిబంధనలను బాధితులకు సడలించారు. మర్నాడు లాస్ ఏంజెలెస్ మేయరు, పాత ఇంటి కంటే పదోవంతుకు మించి పెద్దది కాని ఇల్లు కట్టుకునేవారికి అనుమతులను సులభం చేస్తూ, కొత్త ఇళ్లు పూర్తిగా విద్యుత్ ఉపకరణాల మీదే నడవాలన్న నగర నియమాన్ని వారికి ఎత్తివేశారు. ఆ వేసవిలో శాసనసభ, ఇళ్లకు సంబంధించిన నిర్మాణ నియమాల్లో అత్యవసరమైనవి తప్ప కొత్త మార్పులేవీ 2031 వరకు చేయరాదన్న కట్టుబాటు కూడా పెట్టింది. గృహాల కొరతతో సతమతమయ్యే రాష్ట్రం అటువంటి నిర్ణయం తీసుకోవడం అర్థం చేసుకోదగినదే అయినా, ఆ కట్టుబాటు రాకముందే చార్జింగ్ పైపు నియమం పుస్తకంలో చేరి ఉండడం అదృష్టమని చెప్పాలి.

సడలింపులకు అక్కడ ఒక పాత ఉదాహరణ ఉంది. 2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో కొత్త ఇళ్లన్నిటి మీదా సౌర ఫలకాలు ఉండాలన్న నియమం అమలులోకి రాబోతుండగా, 2018 నవంబర్‌లో క్యాంప్ కార్చిచ్చు పారడైస్ పట్టణాన్ని దాదాపు పూర్తిగా తుడిచిపెట్టింది. 85 మంది చనిపోయారు. బాధితుల్లో పింఛను మీద బతికే వృద్ధులూ తక్కువ ఆదాయంవారూ ఎక్కువ. మరుసటి ఏడు శాసనసభ, ఆదాయ పరిమితికి లోబడిన, బీమా సొమ్ము చాలని బాధితులకు సౌర నియమం నుంచి 2023 దాకా మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు న్యాయమైనదే, ఎందుకంటే సౌర ఫలకం వేల డాలర్ల వస్తువు, పైగా ఇల్లు కట్టిన పదేళ్ల తర్వాత కూడా పైకప్పు మీద బిగించుకోవచ్చు. గోడలోని పైపుకు ఈ రెండు లక్షణాలూ లేవు: అది చవక, వాయిదా వేస్తే ఖరీదు. ఒకే పేరు కింద వచ్చే రెండు నియమాలలో ఒకదాన్ని మినహాయించడం దయ అవుతుంది, మరొకదాన్ని మినహాయించడం రేపటి అప్పు అవుతుంది. అధికారులు దేనికదిగా చూడకుండా హరిత నియమాలన్నిటినీ ఒకే కట్టగా కట్టి సడలించినప్పుడు నష్టపోయేది బాధితులే.

బీమా వైపు నుంచి చూస్తే మినహాయింపులోని చిక్కు ఇంకా బయటపడుతుంది. అమెరికా గృహబీమాలో చాలా ఒప్పందాలకు చట్ట నిబంధనల రక్షణ అనే ఒక అంగం ఉంటుంది. పాత ఇల్లు కట్టిన తర్వాత చట్టం కొత్తగా కోరుతున్న వాటికయ్యే అదనపు ఖర్చును, ఒక పరిమితి దాకా, బీమా సంస్థ చెల్లించడమే ఆ అంగం పని. ఇందులోని కీలకపదం చట్టం కోరడం. పైపు వేయడం చట్టప్రకారం తప్పనిసరి అయితే దాని ఖర్చు బీమా సొమ్ములోంచి రావడానికి దారి ఉంటుంది. నగరం దయతో దాన్ని ఐచ్ఛికం చేసిన మరుక్షణం, అది యజమాని ముచ్చటపడి చేయించుకున్న అలంకారాల జాబితాలోకి పోయి, బీమా సంస్థ బాధ్యత తప్పిపోతుంది. బాధితుల భారం తగ్గించబోయిన మినహాయింపు, ఆ భారాన్ని బీమా సంస్థ భుజం మీంచి తీసి బాధితుల భుజం మీదే పెట్టే ప్రమాదం ఉందన్న మాట. ఆ రక్షణ పరిమితి అప్పటికే మిగతా ఖర్చులకు హరించుకుపోయిన కుటుంబాలకు ఈ వాదం పనిచేయదు. వారికి కావలసింది నేరుగా డబ్బు. లూయిస్‌విల్, సుపీరియర్‌లలో విద్యుత్ సంస్థ ద్వారా అందించిన ప్రోత్సాహకాలు, ఎంత ఎక్కువ పొదుపు ప్రమాణంతో కడితే అంత పెద్ద మొత్తంగా, అత్యున్నత ప్రమాణానికి 37,500 డాలర్ల దాకా పెరిగేలా ఉండడంతో, మినహాయింపు చేతిలో ఉన్నప్పటికీ కొన్ని కుటుంబాలు కొత్త నియమావళిని మించిన ఇళ్లనే కట్టుకున్నాయి. ఆ ఇళ్లు ఇప్పుడు ఆ వీధుల్లో నిలబడి ఉన్నాయి. నియమాన్ని ఎత్తివేయడం, నియమాన్ని యథాతథంగా రుద్దడం అనే రెండు దారులే కాక, నియమాన్ని ఉంచి దాని ఖర్చును సమాజం పంచుకునే మూడో దారి ఒకటుందని అవి చూపిస్తాయి.

విద్యుత్ వాహనాన్ని అగ్నిప్రమాద ప్రాంతంలో తలచుకోగానే కలిగే మరొక భయం ఆ వాహనం గురించినదే. లిథియం బ్యాటరీ దెబ్బతిన్నప్పుడు దానిలోని ఒక గదిలో, అంటే సెల్‌లో, పుట్టిన వేడి పక్క గదిని రాజేసి, అది దాని పక్కదాన్ని రాజేసి, బయటి గాలితో పనిలేకుండానే మంట సాగిపోవచ్చు. రోజుల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు కూడా. లాస్ ఏంజెలెస్ అగ్నుల తర్వాత కేంద్ర పర్యావరణ సంస్థ ప్రమాదకర పదార్థాలను ఏరివేసినప్పుడు, 645 విద్యుత్, హైబ్రిడ్ వాహనాల నుంచీ, 420 గృహ విద్యుత్ నిల్వ వ్యవస్థల నుంచీ బ్యాటరీలను ప్రత్యేక జాగ్రత్తలతో తొలగించవలసి వచ్చింది. ఏ స్థలంలోనైనా అది అయ్యేదాకా అక్కడి శిథిలాల తొలగింపు మొదలుకాలేదు. ఈ కష్టం నిజమైనదే, దాన్ని తగ్గించి చెప్పకూడదు. అయితే గోడలో పైపు లేనంత మాత్రాన బ్యాటరీ కారు ఆ ఇంటికి రాకుండా ఆగదు. వచ్చిన కారును, సరైన తీగ లేని ఇంట్లో, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ తీగతో పాత ప్లగ్గుకు రాత్రంతా తగిలించడమే వేడెక్కిన తీగల వల్ల పుట్టే మంటలకు సిసలైన కారణం. కొలిచి వేసిన ప్రత్యేక తీగ, దానికి తగిన బ్రేకరు భద్రత పక్షానే నిలుస్తాయి.

ప్రాణం దక్కించుకునే వేళ సంగతి కూడా ఉంది. కార్చిచ్చు రాగల రోజుల్లో, గాలికి తీగలు తెగి నిప్పు పుట్టకుండా విద్యుత్ సంస్థలు ముందుగానే సరఫరా ఆపివేస్తాయి. 2019 అక్టోబర్‌లో ఉత్తర కాలిఫోర్నియాలో ఇలా చీకటిలో మిగిలినవారు 20 లక్షలకు పైగానే. కరెంటు లేని ఊళ్లో విద్యుత్ కారు ఎలా కదులుతుందని అడిగేవారికి, కరెంటు లేనిదే పెట్రోలు బంకులోని పంపు కూడా తిరగదన్న సంగతి గుర్తుచేయాలి. రాత్రి ఇంట్లో చార్జి అయ్యే కారు ప్రతి ఉదయమూ దాదాపు నిండుగా ఉంటుంది. అగ్ని హెచ్చరిక వచ్చిన పూట బంకు దగ్గర వరసలో నిలబడవలసిన అగత్యం దానికి లేదు. 60 నుంచి 80 యూనిట్ల శక్తి పట్టే కారు బ్యాటరీ నుంచి తిరిగి ఇంటికి కరెంటు పంపే ఏర్పాటు ఇప్పటికే కొన్ని వాహనాల్లో వచ్చింది. సగటు అమెరికా ఇల్లు రోజుకు వాడే 30 యూనిట్ల లెక్కన అది రెండు రోజుల ఆధారం. శ్వాసయంత్రం మీద బతికే వృద్ధురాలున్న ఇంట్లో ఆ రెండు రోజుల విలువ డాలర్లలో కొలిచేది కాదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం భవిష్యత్తు గురించినది. 2035 నుంచి కొత్త పెట్రోలు కార్ల అమ్మకాన్ని ఆపాలన్న కాలిఫోర్నియా నియమానికి కేంద్రం ఇచ్చిన అనుమతిని 2025 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ తీర్మానంతో రద్దుచేశారు, ఆ రద్దు న్యాయస్థానానికి ఎక్కింది. అదే ఏడు సెప్టెంబర్ ఆఖరుతో విద్యుత్ కార్ల కొనుగోలుపై కేంద్ర పన్ను రాయితీ కూడా ముగిసింది. కార్లే రాకపోతే పైపులెందుకని అడగడం ఇప్పుడు మునుపటికంటే సహజంగా వినిపిస్తుంది. అయినా 2024లో కాలిఫోర్నియాలో అమ్ముడైన కొత్త కార్లలో సుమారు నాలుగోవంతు ప్లగ్గు ఉన్నవే. వాటిని కొనేది కొత్త కొనుగోలుదారులైతే, నాలుగైదేళ్ల తర్వాత వాటిని సెకండ్ హ్యాండ్‌లో కొనేది మరింత సామాన్యులు. వారిలో అద్దె ఇళ్లవారూ, తల్లిదండ్రుల ఇంటిని వారసత్వంగా పొందినవారూ ఉంటారు. రాయితీ విధానం ఎన్నికతో మారుతుంది. చెక్క ఇల్లు కూడా యాభై ఏళ్లకు పైగా నిలుస్తుంది. ఆ యాభై ఏళ్లలో ఆ గ్యారేజీలోకి ఏ కారు వస్తుందో నేటి యజమాని ఇష్టంతోనో నేటి ప్రభుత్వ ఇష్టంతోనో తేలే విషయం కాదు.

ఈ తర్కం భారతదేశానికి కొత్తది కాదు. 2019 ఫిబ్రవరిలో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వశాఖ నమూనా భవన నిబంధనలను సవరించి, భవనాల పార్కింగు చోటులో 20 శాతాన్ని విద్యుత్ వాహనాల చార్జింగ్‌కు కేటాయించాలనీ, అందుకు తగిన అదనపు లోడును ముందే లెక్కలోకి తీసుకోవాలనీ రాష్ట్రాలకు సూచించింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కారు కొన్న తర్వాత అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో సెల్లారు మీటరు గురించి వాదించవలసి వచ్చినవారికీ, కాలిఫోర్నియాలోనో కొలరాడోలోనో స్థిరపడి ఇల్లు కట్టుకుంటున్న తెలుగు కుటుంబాలకూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: కట్టేనాడు వదిలిన చోటు ఎంత అన్నది.

పారడైస్ నుంచి, ఈటన్ కార్చిచ్చుకు కాలిన ఆల్టడీనా దాకా ఎన్నో చోట్ల ఇల్లు తిరిగి కట్టుకోలేక స్థలం అమ్ముకొని వెళ్లిపోయినవారున్నారు. ఆల్టడీనాలో దశాబ్దాల కిందట, వివక్ష మధ్యనే, ఇళ్లు కొనుక్కున్న నల్లజాతి కుటుంబాల్లో వృద్ధులైన ఎందరో ఇప్పుడు ఉండాలో వెళ్లాలో తేల్చుకోలేని స్థితిలోనే ఉన్నారు. వారిని అక్కడే నిలబెట్టడం కంటే ఏ నియమమూ గొప్పది కాదు. అందుకే నియమం చిన్నదిగా, స్పష్టంగా, డబ్బుతో కూడి ఉండాలి: చార్జరు కొనమని కోరకూడదు, పైపునూ బోర్డులో చోటునూ మాత్రం తప్పనిసరి చేయాలి, బీమా ఇవ్వని ఆ కొద్ది వందల డాలర్లను పునర్నిర్మాణ నిధి నుంచి అనుమతి పత్రంతోపాటే అందజేయాలి. చట్రం నిలబడ్డాక, జిప్సమ్ పలకలు బిగించక ముందు, అమెరికాలో ప్రతి ఇంటికీ తనిఖీ అధికారి ఒకసారి వచ్చి తీగలనూ గొట్టాలనూ చూసి సంతకం చేస్తాడు. ఆ సంతకం అయిన కొద్ది రోజుల్లోనే గోడలు మూసుకుపోతాయి. ఆల్టడీనాలోనూ పాలిసేడ్స్‌లోనూ ఇప్పుడు అనేక స్థలాల్లో ఆ చట్రాలు నిలబడుతున్నాయి.